కళ్ళం లేని గాదె

ముందే చెప్తున్నా, ఇది కడుపుమంటతో రాస్తున్న టపా. డాటాబేస్ పనిలో ఉన్నవాళ్ళకి రెండో పేరాలోనే అర్థమైపోతుంది. మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాయడానికి నా ప్రయత్నం నేను చేస్తా. మేనేజర్లెవరైనా చదివితే మరీ సంతోషం, నా జీతం పెంచకపోయినా పర్లేదు :)

2025 జనవరి 13, భోగి. తెనాలి దగ్గర మా ఊళ్ళో తెల్లవారుజామున నాలుగున్నరకి ఇంట్లో అందరూ వీధిలో మంట చుట్టూ ఉన్నారు. నేను మాత్రం డాబా మీద సిగ్నల్ దొరికే మూల చూసుకుని, దుప్పటి కప్పుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఫోన్లో మా టీములో నైట్ షిఫ్టు కుర్రాడు. "అన్నా, రిపోర్టింగ్ సర్వర్లో డిస్క్ ఫుల్. లోడ్ ఆగిపోయింది. నాలుగు రిపోర్టులు ఫెయిలయ్యాయి. క్లయింటు లైన్లోనే ఉన్నాడు." అమెరికాలో అప్పుడు ఆదివారం సాయంత్రం. సోమవారం పొద్దున్న ఆఫీసు తెరిచేసరికి వాళ్ళ ఫైనాన్స్ వాళ్ళకి 2024 ఏడాది మొత్తం లెక్కలు కావాలి.

జరిగింది చాలా మామూలు విషయం. ఆ సర్వర్లో డాటా, లాగ్, టెంప్‌డీబీ మూడూ ఒకే డ్రైవ్‌లో ఉన్నాయి. ఏడాది చివరి రిపోర్టు ఐదేళ్ళ ఆర్డర్లన్నీ తెచ్చి, ఒకదానితో ఒకటి కలిపి, సార్ట్ చెయ్యాలి. మెమరీ సరిపోలేదు. సరిపోనప్పుడు ఎస్‌క్యూఎల్ సర్వర్ మిగతా పనిని టెంప్‌డీబీలో, అంటే డిస్కు మీద చేసుకుంటుంది. అలాంటి రిపోర్టులు నాలుగు ఒకేసారి నడిచాయి. టెంప్‌డీబీ ఉబ్బి ఉబ్బి డ్రైవ్‌లో మిగిలిన ఖాళీ అంతా మింగేసింది. అదే సమయానికి రాత్రి లోడ్ వచ్చింది. దానికి చోటు లేదు, లాగ్ పెరగడానికీ చోటు లేదు. ఎర్రర్ 1105, వెనకాలే 9002. ఒరాకిల్ మిత్రులు నవ్వక్కర్లేదు, మీకు ఓఆర్ఏ-01652 ఉంది కదా!

రిపోర్టులన్నీ ఆపేసి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, టెంప్‌డీబీని మొదటి సైజుకి తెచ్చి, లోడ్ మళ్ళీ మొదట్నుంచి పెట్టి, తర్వాత ఒక్కొక్క రిపోర్టు విడివిడిగా నడిపాం. డిస్కు పెంచుదామంటే ఆ టికెట్ ఆమోదించాల్సినాయన ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం కింద మా అక్క కూతురికి భోగిపళ్ళు పోస్తుంటే, పైన నేను నాలుగో రిపోర్టు ఎంతవరకూ వచ్చిందా అని చూస్తున్నాను.

మధ్యలో టిఫిన్‌కి కిందకి దిగితే నాన్న అడిగారు, "ఏమైందిరా, పండగపూట ఆ మొహమేంటి?" అని. ఆయనకి అర్థమయ్యేలా చెబుదామని, "గాదె నిండిపోయింది నాన్నా" అన్నాను.

"పంటెంత? గాదెంత?"

"పంట ఎనభై బస్తాలు. గాదె వంద బస్తాలకి కట్టాం."

"సరిపోవాలిగా మరి! నూర్చిందెక్కడ?"

"గాదెలోనే."

ఆయన చేతిలో కాఫీ ఒలికిపోయేంత నవ్వారు. "కళ్ళం లేకుండా గాదెలోనే కుప్ప వేసి, గాదెలోనే నూర్చి, గాదెలోనే తూర్పారబట్టారా? మీకు జీతాలిచ్చేదెవడ్రా?"

ఇంజనీరింగ్ నాలుగేళ్ళు చదివిన నాకన్నా, ఇంటర్ దాటని మా నాన్నకి స్టోరేజ్ ప్లానింగ్ బాగా తెలుసని ఆ రోజు అర్థమైంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ సర్వర్‌కి డిస్కు ఎంత పెట్టాలో తేల్చిన మీటింగ్ నాకు బాగా గుర్తు. 2024 జూన్. "ప్రొడక్షన్ డాటాబేస్ ఎంతుంది?" "800 జీబీ." "అయితే రిపోర్టింగ్‌కి 1000 పెట్టండి, 200 బఫర్. నెక్స్ట్ పాయింట్?" అంతే. మూడు నిమిషాలు పట్టిందేమో. నెక్స్ట్ పాయింట్ ఏంటంటే, రిపోర్టు పైన కంపెనీ లోగో ఎడమవైపు ఉండాలా, కుడివైపు ఉండాలా అన్నది. దానికి నలభై నిమిషాలు.

నా గొడవంతా ఆ మూడు నిమిషాల గురించే. డిస్కు అనగానే మనవాళ్ళు అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: "ఎన్ని జీబీ?" రిపోర్టింగ్ సర్వర్ విషయంలో అది సగం ప్రశ్న కూడా కాదు. అసలు ప్రశ్న "ఎన్ని నిమిషాల్లో?" ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల మిగిలే డబ్బు ఒకళ్ళ బడ్జెట్లో కనిపిస్తుంది. దాని వల్ల పోయే నిద్ర ఇంకొకళ్ళది, అది ఏ ఎక్సెల్ షీట్లోనూ కనిపించదు.

ముందు ఆ జీబీల సంగతే చూద్దాం. మా సర్వర్ లెక్కే తీసుకుందాం. కాపీ అయ్యే డాటా 800 జీబీ. రిపోర్టుల కోసం మేం అదనంగా పెట్టుకున్న ఇండెక్సులు, సమ్మరీ టేబుల్స్ 320. నెలకి 20 జీబీ చొప్పున రెండేళ్ళ పెరుగుదల 480. పెద్ద టేబుల్‌ని మళ్ళీ మొత్తం లోడ్ చెయ్యాల్సి వస్తే పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉండటానికి 150. టెంప్‌డీబీకి 200. లాగ్‌కి 100. మొత్తం 2050. డిస్కు గొంతుదాకా నింపకూడదు కాబట్టి ఐదో వంతు ఖాళీ ఉంచితే 2560 చిల్లర. మేం పెట్టింది 1000! "200 బఫర్" అని దాతృత్వం చూపించినట్టు ఫీలయ్యాం గానీ, అది పది నెలల పెరుగుదలకి కూడా బొటాబొటి.

ఈ లెక్కలో రాకెట్ సైన్స్ ఏమన్నా ఉందా? ఐదో క్లాసు కూడికలు. కానీ వేసినవాడు లేడు.

రెండోది, జీబీలు సరిపోయాయనే అనుకుందాం. గాదెకి తలుపొకటి ఉంటుంది కదా, అది ఎంత వెడల్పు? ఆన్‌లైన్ లావాదేవీల సర్వర్ చిన్న చిన్న ముక్కలు చదువుతుంది. ఒక కస్టమరు, ఒక ఆర్డరు, అయిపోయింది. రిపోర్టు అలా కాదు, మూటలకి మూటలు బయటికి లాగుతుంది. 300 జీబీ చదివే రిపోర్టు సెకనుకి 125 ఎంబీ ఇచ్చే డిస్కు మీద 40 నిమిషాలు పడుతుంది. అలాంటివి నాలుగు ఒకేసారి నడిచి, ఎవరి 300 జీబీ వాళ్ళు చదివితే, తలుపు ఒకటే కాబట్టి అన్నీ అయ్యేసరికి రెండు గంటల 40 నిమిషాలు. అదే సెకనుకి 1000 ఎంబీ వస్తే నాలుగూ కలిపి 20 నిమిషాలు. జీబీలు రెండు చోట్లా ఒకటే. పండగ మాత్రం ఒకటి కాదు.

ఈ 125 నేను కల్పించిన అంకె కాదు. అమెజాన్ క్లౌడ్‌లో జీపీ3 అనే రకం డిస్కు తీసుకుంటే, అదనంగా డబ్బు కట్టకుండా మామూలుగా వచ్చే వేగం అంతే: సెకనుకి 125 ఎంబీ, 3000 ఐఓపీఎస్. ఐఓపీఎస్ అంటే సెకనుకి ఎన్నిసార్లు చదవడమో రాయడమో చెయ్యగలదన్న లెక్క. వాళ్ళ పేజీలో ఈ సంగతి శుభ్రంగా రాసే ఉంటుంది. చదవకపోవడం మన తప్పు. డిస్కు సైజు 100 జీబీ పెట్టినా 1000 జీబీ పెట్టినా ఈ అంకె మారదు. అంటే సైజు పెంచితే వేగం దానంతటదే పెరుగుతుందన్న పాత నమ్మకం ఇక్కడ చెల్లదు, వేగాన్ని విడిగా అడిగి కొనుక్కోవాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. వేగం కొన్నాక కూడా, ఆ డిస్కు తగిలించిన వర్చువల్ మెషీన్‌కి తనదంటూ ఇంకో పరిమితి ఉంటుంది. రెండింట్లో ఏది తక్కువైతే అదే మీకొచ్చేది. పైగా చిన్న సైజు మెషీన్లలో చాలావాటికి పై వేగం గ్యారంటీగా దొరికేది 24 గంటల్లో ఒక్క అరగంట. మన టెస్టింగ్ ఎంతసేపు చేస్తాం? ఇరవై నిమిషాలు. "సూపర్ ఫాస్ట్ సార్" అని మెయిల్ కొడతాం. అసలు లోడ్ నాలుగు గంటలు నడుస్తుంది. అరగంట తర్వాత అది పాకడం మొదలుపెడితే "నిన్నటిదాకా బానే ఉందే, కోడ్‌లో ఏం మార్చారు?" అని డెవలపర్ మీద పడతారు. గోరుచుట్టు మీద రోకటిపోటు!

ఇదేదో క్లౌడ్ వచ్చాక పుట్టిన జబ్బు అనుకోకండి. 1988లోనే బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అని ముగ్గురు రెయిడ్ గురించి పేపరు రాశారు. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు, చవకైన చిన్న డిస్కులు చాలా కలిపి వాడండి, వేగం పెరుగుతుంది అన్నది వాళ్ళ వాదన. అప్పటికే వాళ్ళ బాధ చోటు ఒక్కదాని గురించి కాదు, ప్రాసెసర్ పరుగుని డిస్కు అందుకోలేకపోవడం గురించి.

తిరిగే డిస్కు సంగతి చూడండి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కులో కావాల్సిన చోటు తల కిందకి రావడానికి సగటున 4 మిల్లీసెకన్ల పైన పడుతుంది, తల కదలడానికి ఇంకో 8. వెరసి సెకనుకి 80 సార్లు చదివితే గొప్ప. ఒక్కోసారి 8 కేబీ చొప్పున అటోటి ఇటోటి చదివితే సెకనుకి 640 కేబీ. అదే డిస్కు వరసగా చదివితే 150 ఎంబీ ఇస్తుంది. ఒకే డిస్కు, చదివే తీరు మారితే 200 రెట్ల పైన తేడా! ఒక్క రిపోర్టు నడిచినప్పుడు వరసగా సాగే చదువు, పది రిపోర్టులు కలిసేసరికి ముక్కలైపోతుంది. దానికి తోడు రెయిడ్ 5 పెడితే ఒక్కో చిన్న రాతకి నాలుగు పనులు: పాత డాటా చదవాలి, పాత పారిటీ చదవాలి, రెండూ కొత్తవి రాయాలి. రెయిడ్ 10లో రెండే. ఎనిమిది డిస్కుల మీద రాత మొత్తం చిన్న ముక్కలే అయితే రెయిడ్ 5లో సెకనుకి 160, రెయిడ్ 10లో 320. "రెయిడ్ 5 అయితే చోటు ఎక్కువ మిగుల్తుంది కదా" అంటారు. మిగుల్తుంది. ఆ మిగిలిన చోట్లో కూర్చుని ఎదురుచూడొచ్చు.

ఇక మీరు అనబోయేవి నాకు తెలుసు. ఒక్కొక్కటీ చూద్దాం.

"ఇప్పుడన్నీ ఎస్ఎస్‌డీలే కదా!" నిజమే, తల కదిలే గొడవ పోయింది. కానీ అద్దెకిచ్చేవాడు పెట్టిన పరిమితి పోలేదు. పైన చెప్పిన 125 ఎంబీ ఎస్ఎస్‌డీదే మరి.

"క్లౌడ్ కదా, నిండితే పెంచుకుందాం." పెంచుకోవచ్చు, డాటాబేస్ ఆపకుండానే. కాకపోతే డిస్కు నిండేది ఆదివారం రాత్రి, పెంచే ఆమోదం వచ్చేది సోమవారం. పైగా ఆ డిస్కుల్ని పెంచగలమే గానీ తగ్గించలేం. కంగారులో మూడింతలు పెంచితే, తర్వాత కొత్త డిస్కు పెట్టి మొత్తం దాంట్లోకి మార్చుకోవాల్సిందే. ఆలోచించడం వాయిదా వెయ్యడానికి క్లౌడ్‌ని సాకుగా వాడుకుంటున్నాం, అంతే.

"రీడబుల్ రెప్లికా ఉంది కదా, రిపోర్టులు దాని మీద నడిపితే సరి." అది ప్రొడక్షన్‌కి అచ్చు నకలు. రిపోర్టుకి ఇండెక్స్ కావాలంటే అక్కడ పెట్టలేరు, ప్రొడక్షన్లోనే పెట్టాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్లో అయితే రెప్లికా మీద చదవడం మొదలుపెట్టగానే ప్రొడక్షన్లో మారే ఒక్కో వరసకి 14 బైట్లు తోడవుతాయి. రెప్లికాలో వెర్షన్లు దాచుకోవడానికి మళ్ళీ టెంప్‌డీబీయే. రెప్లికా పెట్టినా కళ్ళం కావాల్సిందే.

"ఖర్చు ఎవడు పెట్టుకుంటాడు?" ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. లెక్క చూద్దాం. జీపీ3 2020 డిసెంబర్లో వచ్చినప్పుడు ఉత్తర వర్జీనియాలో ప్రకటించిన ధర జీబీకి నెలకి 8 సెంట్లు. మాకు తక్కువైన 1500 జీబీకి 120 డాలర్లు. వేగం 125 నుంచి 1000కి పెంచడానికి ఇంకో 40 డాలర్లు. వెరసి నెలకి 160 డాలర్లు. ఆ భోగి రోజు ఐదుగురం పద్నాలుగు గంటలు కూర్చున్నాం. మా గంట ఎంతకి అమ్ముతారో బిల్లింగ్ వాళ్ళని అడగండి, ఏడాది డిస్కు ఖర్చు ఆ ఒక్క రోజులోనే పోయిందేమో చూస్కోండి. మా పండగకి ఎలాగూ రేటు లేదు లెండి.

అలాగని "ఎక్కువ పెట్టెయ్యండి" అన్నది నా వాదన కాదు. సరిగ్గా లెక్కేస్తే డిస్కు తగ్గొచ్చు కూడా. ఎస్‌క్యూఎల్ సర్వర్లో పేజ్ కంప్రెషన్, కాలమ్‌స్టోర్ ఇండెక్సులు 2016 సర్వీస్ ప్యాక్ 1 నుంచి స్టాండర్డ్ ఎడిషన్లో కూడా ఉన్నాయి. 60 కాలమ్స్ ఉన్న టేబుల్లో రిపోర్టుకి కావాల్సింది ఐదయితే, కాలమ్‌స్టోర్ ఆ ఐదే చదువుతుంది. 300 జీబీ చదవాల్సింది బాగా తగ్గిపోతుంది. పాత డాటా మళ్ళీ ప్రొడక్షన్ నుంచి తెచ్చుకోగలిగితే రికవరీ మోడల్ సింపుల్ పెట్టుకోవచ్చు, లాగ్ బ్యాకప్‌ల బరువు తప్పుతుంది. (ఐదేళ్ళ డాటా ఒకే ట్రాన్సాక్షన్లో డిలీట్ చేస్తే మాత్రం సింపుల్‌లో కూడా లాగ్ నిండుతుంది, చెప్పలేదనొద్దు.) ఇవన్నీ చెయ్యాలంటే ముందు ఆ మూడు నిమిషాలు ముప్పై నిమిషాలవ్వాలి.

ఏం అడగాలి ఆ ముప్పై నిమిషాల్లో? నేనయితే ఇవి అడుగుతా. అన్నిటికన్నా పెద్ద రిపోర్టు ఎన్ని జీబీ చదువుతుంది, ఎన్ని నిమిషాల్లో కావాలి? ఒకేసారి ఎన్ని రిపోర్టులు నడుస్తాయి, నెల చివర ఎన్ని, ఏడాది చివర ఎన్ని? లోడ్ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగియాలి, ఆ టైములో ఎవరైనా రిపోర్టు నడిపితే ఏంటి? టెంప్‌డీబీ, లాగ్, డాటా వేర్వేరు డిస్కుల మీద ఉన్నాయా, ఒకటి నిండితే మిగతావి బతుకుతాయా? మొత్తం పోతే తిరిగి నిలబెట్టడానికి ఎన్ని గంటలు? ఇక ఆఖరిది: డిస్కు 80 శాతం దాటినప్పుడు మెయిల్ ఎవరికి వెళ్తుంది, సెలవు రోజు దాన్ని ఆమోదించే మనిషి ఎవరు?

మా దగ్గర ఈ ఆఖరి ప్రశ్న అడిగి ఉంటే చాలు, ఆ రోజు కథ వేరేలా ఉండేది. 80 శాతం అలర్ట్ 2024 అక్టోబర్లోనే వచ్చింది. ఎవరూ చూడని ఓ గ్రూప్ మెయిల్‌బాక్సులో మూడు నెలలు మగ్గింది.

ఇంతసేపూ మేనేజర్ని తిట్టాను కదా, ఇప్పుడు నా వంతు. 2024 జూన్ మీటింగులో నేనూ ఉన్నాను. టెంప్‌డీబీ అంటే ఏంటో నాకు తెలుసు. 800కి 1000 చాలదని ఆ క్షణంలోనే అనిపించింది కూడా. కానీ మ్యూట్‌లో ఉన్నాను. "ఇప్పుడు నోరు తెరిస్తే ఆ లెక్క నన్నే వెయ్యమంటారు, నా ప్లేట్లో ఇప్పటికే చాలా ఉంది" అనుకున్నాను. అరగంట పని తప్పించుకుని పద్నాలుగు గంటల పని కొనుక్కున్నాను. నాతోపాటు నైట్ షిఫ్టులో ఉన్న ఆ కుర్రాడికీ కొనిపెట్టాను. వాడు ఆ మీటింగులో లేడు, అప్పటికి మా కంపెనీలోనే లేడు. తర్వాత మెయిల్లో "సపోర్ట్ టీమ్ ఇంకాస్త ముందుగా గమనించాల్సింది" అని రాసినప్పుడు ఆ మాట తగిలింది మాత్రం వాడికి. నేను అప్పుడు కూడా రిప్లై ఇవ్వలేదు. ఈ టపాకి అసలు కారణం డిస్కు కాదు, అదీ.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇదో అలవాటైపోయింది. మీటింగులో "యెస్", క్యాంటీన్లో "నాకు ముందే తెలుసు". ముందే తెలిసి చెప్పనివాడికీ, అసలు తెలియనివాడికీ డిస్కు నిండేటప్పుడు తేడా ఏముంది?

పోయిన వారం ఇంకో ప్రాజెక్టుకి ప్లానింగ్ షీట్ వచ్చింది. మళ్ళీ రిపోర్టింగ్ సర్వరే. మళ్ళీ అదే ఒక్క కాలమ్: "సైజు, జీబీలో". నేను పక్కన ఇంకో రెండు కాలమ్స్ పెట్టాను, "ఎన్ని నిమిషాల్లో", "నిండితే ఎవరు" అని. మా లీడు ఫోన్ చేసి, "ఇవెందుకు? టెంప్లేట్‌లో లేవు కదా" అన్నాడు. మ్యూట్ తీసి, మా నాన్న అడిగిన ప్రశ్నే అడిగాను.

"సార్, పంట సంగతి సరే. నూర్చేదెక్కడ?"